203 డీపీఐ లేబుల్ ప్రింటర్: స్పీడ్ 6 పెట్టినా ఒక్కో లేబుల్‌కి నాలుగు సెకన్లు. ఎక్కడ ఆగుతోంది?

కారంపొడి_ప్యాకింగ్

అందరికీ నమస్కారం. పొడులు, పచ్చళ్ల ప్యాకింగ్ యూనిట్. ఒక్క లేబుల్ ప్రింటర్ మీదే రెండు పనులు నడుస్తున్నాయి, రెండూ నత్తనడకే. వివరాలు ఇవీ:

ప్రింటర్ 4 అంగుళాల డెస్క్‌టాప్ థర్మల్ ట్రాన్స్‌ఫర్ రకం, 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు), ఆదేశాల భాష టీఎస్‌పీఎల్. స్పెక్ షీట్‌లో గరిష్ఠ వేగం 6 ఐపీఎస్, అంటే సెకనుకు 6 అంగుళాలు. విండోస్ 10, యూఎస్‌బీ కేబుల్.

మొదటి పని కొరియర్ లేబుళ్లు. 100 × 150 మి.మీ. డీటీ రోల్ (డైరెక్ట్ థర్మల్, అంటే వేడికే నల్లబడే కాగితం), రిబ్బన్ తీసేసి వేస్తాం. సెల్లర్ ప్యానెల్ నుంచి పీడీఎఫ్ దింపి క్రోమ్ నుంచే ప్రింట్ ఇస్తాం. డ్రైవర్‌లో స్పీడ్ 3 ఉన్నప్పుడు 20 లేబుళ్లకి 102 సెకన్లు పట్టేది. 6 చేస్తే 82కి వచ్చింది, అంతే. పైగా అక్షరాలు లేతబడ్డాయి, లేబుల్ పక్కన అడ్డం తిప్పి ఉండే బార్‌కోడ్ స్కాన్ అవ్వట్లేదు.

రెండోది ప్యాకెట్ స్టిక్కర్లు. 50 × 25 మి.మీ. క్రోమో (నున్నటి పూత కాగితం) రోల్, పక్కపక్కనే రెండు వరుసలు, వ్యాక్స్ (మైనం) రిబ్బన్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పీఆర్‌ఎన్ ఫైల్ (ప్రింటర్ ఆదేశాలు రాసి ఉండే ఫైల్) ద్వారా పంపుతుంది. 80 స్టిక్కర్లకి, అంటే 40 అడ్డవరుసలకి నిమిషం పడుతోంది. ప్రతి వరుసకీ ఆగి, కాస్త బయటికి నెట్టి, మళ్లీ వెనక్కి లాక్కుని అప్పుడు తర్వాతిది కొడుతోంది. ఇక్కడ డ్రైవర్‌లో స్పీడ్ ఎంత మార్చినా పిసరంత తేడా లేదు. కొరియర్ లేబుల్ ముదురుగా రావాలని డార్క్‌నెస్ 15 పెడితే మాత్రం ఈ స్టిక్కర్ల మీద గీతలు అలికినట్టు అయ్యాయి, రిబ్బన్ కూడా ముడతలు పడుతోంది.

ఏది ఎంతకి పెట్టాలి? లేక దీని పని ఇంతేనా, పెద్ద ప్రింటర్ కొనాల్సిందేనా?

---

థర్మల్_హెడ్

కొనకండి. ముందు లెక్క చూడండి, మీరిచ్చిన అంకెల్లోనే జవాబు ఉంది.

లేబుల్ 150, లేబుళ్ల మధ్య గ్యాప్ 3, మొత్తం 153 మి.మీ. కాగితం కదలాలి. 3 ఐపీఎస్ అంటే సెకనుకు 76.2 మి.మీ., కాబట్టి ఒక లేబుల్‌కి 2 సెకన్లు. 6 ఐపీఎస్ అంటే 152.4 మి.మీ., అంటే 1 సెకను. తేడా లేబుల్‌కి సరిగ్గా ఒక సెకను, 20 లేబుళ్లకి 20 సెకన్లు. మీకు 102 నుంచి 82కి తగ్గింది. అంటే స్పీడ్ సెట్టింగ్ బుద్ధిగా పనిచేస్తోంది. లేబుల్‌కి మిగిలిన 3 సెకన్లూ ప్రింటర్ కొట్టట్లేదు, కూర్చుంటోంది. స్పీడ్ పన్నెండుకి పెట్టినా ఆ మూడు సెకన్లు అలాగే ఉంటాయి.

స్టిక్కర్లది ఇంకా స్పష్టం. 25కి గ్యాప్ 3 కలిపితే 28 మి.మీ. 3 ఐపీఎస్‌లో 0.37 సెకను, 6లో 0.18. మీకు వరుసకి 1.5 సెకన్లు పడుతోంది. ప్రింటింగ్ వాటా అందులో పావు వంతే. చిన్న లేబుళ్లలో ఎప్పుడూ ఇంతే. స్పీడ్ కన్నా ఆగడం, మళ్లీ కదలడం దగ్గరే టైమ్ పోతుంది.

కూర్చోవడానికి కారణాలు రెండు.

ఒకటి, డేటా ఆలస్యం. క్రోమ్ పీడీఎఫ్‌ని అక్షరాలుగా, బార్‌కోడ్‌గా పంపదు. డ్రైవర్ దగ్గరికి వచ్చేసరికి పేజీ మొత్తం ఒక బొమ్మ అయిపోతుంది. 203 డీపీఐ అంటే మి.మీ.కి 8 చుక్కలు. 800 × 1200 = 9,60,000 చుక్కలు, ఎనిమిదితో భాగిస్తే 1,20,000 బైట్లు. యూఎస్‌బీకి ఇది లెక్కలోది కాదు. కానీ కంప్యూటర్ ఒక్కో పేజీని బొమ్మగా మార్చి డ్రైవర్‌కి అందించేలోపు ప్రింటర్ ఖాళీగా ఉంటుంది. (బ్లూటూత్, సీరియల్ కేబుల్ వాడేవాళ్లకి మాత్రం ఈ లక్షా ఇరవై వేల బైట్లే కొంప ముంచుతాయి. సీరియల్ 9600 బాడ్‌లో, అంటే సెకనుకు 9600 బిట్ల వేగంలో, ఒక్క లేబుల్ చేరడానికే రెండు నిమిషాలు దాటుతుంది, 115200లో పది సెకన్లు.)

రెండు, చింపే చోటు. లేబుల్ అయ్యాక దాన్ని చింపుడు పట్టీ దాకా బయటికి నెట్టి, తర్వాతిది మొదలుపెట్టే ముందు మళ్లీ హెడ్ (వేడెక్కి చుక్కలు వేసే భాగం) కిందికి లాక్కోవాలి. మీకు కనబడుతున్న ముందుకీ వెనక్కీ ఊగడం ఇదే. వెనక్కి లాగే వేగం సాధారణంగా తక్కువే ఉంటుంది, లేకపోతే కాగితం జారి ప్రింట్ పక్కకి పోతుంది.

కొరియర్ లేబుళ్లకి చేయాల్సింది: కంట్రోల్ ప్యానెల్‌లో ప్రింటర్ మీద రైట్ క్లిక్, ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్. సీగల్ కంపెనీ డ్రైవర్ అయితే స్టాక్ ట్యాబ్‌లో పోస్ట్ ప్రింట్ యాక్షన్ అని ఉంటుంది. టేర్ ఆఫ్ (చింపే చోటుకి నెట్టడం) అలాగే ఉంచి, అది ఎప్పుడు జరగాలి అన్నచోట ప్రతి పేజీకి కాకుండా జాబ్ చివర జరిగేలా పెట్టండి. అదే ట్యాబ్‌లో మెథడ్ డైరెక్ట్ థర్మల్ అని ఉందో లేదో చూడండి. పేజ్ సెటప్‌లో స్టాక్ సైజు 100 × 150 మి.మీ. ఉండాలి, దగ్గరగా ఉంది కదా అని వేరే సైజు ఎంచుకోవద్దు.

తర్వాత ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్. అక్కడ మొదటి పేజీ సిద్ధం కాగానే ప్రింట్ మొదలుపెట్టాలా, చివరి పేజీ దాకా స్పూల్ అయ్యాకా (కంప్యూటర్‌లో సిద్ధమయ్యాకా) అని రెండు ఎంపికలు ఉంటాయి. అందరూ మొదటిదే మంచిదనుకుంటారు. లేబుల్ ప్రింటర్‌కి చాలాసార్లు రెండోదే నయం. మొదటి లేబుల్ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా వస్తుంది కానీ ఆ తర్వాత ఆగకుండా వస్తాయి. ఇరవై, యాభై లేబుళ్ల బ్యాచ్‌లో మీకు కావాల్సింది అదే. ఒక్కొక్కటే కొట్టుకునే కౌంటర్‌లో అయితే మొదటిదే ఉంచాలి.

క్రోమ్ బదులు సుమాత్రా పీడీఎఫ్ లాంటి తేలికపాటి రీడర్ వాడి చూడండి. స్కేలింగ్ లేకుండా, అంటే నోస్కేల్, మోనోక్రోమ్ పెట్టి ప్రింట్ ఇవ్వండి. కమాండ్ లైన్ నుంచి కూడా ఇవ్వొచ్చు కాబట్టి ఒక బ్యాచ్ ఫైల్ రాసుకుంటే డబుల్ క్లిక్ పని. పీడీఎఫ్‌లు ఒక్కోటి విడిగా దింపితే ముందు ఒకే ఫైల్‌గా కలపండి. విడివిడి జాబ్‌లైతే "జాబ్ చివర" అన్నది మళ్లీ ప్రతి లేబుల్‌కీ జరుగుతుంది.

---

పీఆర్‌ఎన్_పంతులు

పైన చెప్పినదాంట్లో కొరియర్ భాగం సరే. స్టిక్కర్ల సంగతి వేరు, అక్కడ డ్రైవర్ పేచీయే లేదు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పీఆర్‌ఎన్ ఫైల్‌ని నేరుగా ప్రింటర్‌కి తోసేస్తుంది. డ్రైవర్ ప్రిఫరెన్సెస్‌లో మీరు ఏం పెట్టారో ఆ ఫైల్‌కి తెలియదు, అక్కర్లేదు. వేగం ఆ ఫైల్‌లోనే రాసి ఉంటుంది. డ్రైవర్‌లో ఎంత మార్చినా తేడా లేదన్నారే, అందుకే. మరి డార్క్‌నెస్ (టీఎస్‌పీఎల్‌లో దాని పేరు డెన్సిటీ) మాత్రం ఎందుకు పాకింది? ఆ ఫైల్‌లో స్పీడ్ లైను ఉండి డెన్సిటీ లైను లేకపోయి ఉంటుంది. అప్పుడు ప్రింటర్ అంతకుముందు జాబ్ పెట్టిపోయిన డెన్సిటీనే పట్టుకుని కొడుతుంది. మీ కొరియర్ జాబ్ 15 పెట్టి పోయింది, వ్యాక్స్ రిబ్బన్ దాన్ని అనుభవించింది.

నోట్‌ప్యాడ్‌లో ఆ పీఆర్‌ఎన్ తెరవండి. ముందు కాపీ తీసి పక్కన పెట్టండి. మొదట్లో ఇలాంటి లైన్లు ఉంటాయి (ఫైల్‌లో ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఉంటాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నా):

సైజ్ 104 మి.మీ., 25 మి.మీ.
గ్యాప్ 3 మి.మీ., 0 మి.మీ.
స్పీడ్ 3
సెట్ టేర్ ఆన్
సీఎల్ఎస్
...టెక్స్ట్, బార్‌కోడ్ లైన్లు...
ప్రింట్ 1,1

దీన్ని ఇలా మార్చండి. స్పీడ్ 4. దాని కింద కొత్తగా డెన్సిటీ 8 లైను చేర్చండి. టీఎస్‌పీఎల్‌లో డెన్సిటీ 0 నుంచి 15 దాకా, క్రోమో మీద వ్యాక్స్‌కి 8 దగ్గర మొదలుపెట్టడం మంచిది. సెట్ రిబ్బన్ ఆన్ లైను కూడా పెట్టండి. మీరు అదే ప్రింటర్‌లో రిబ్బన్ తీసి డీటీ కొడుతున్నారు కాబట్టి ఆ జాబ్ ప్రింటర్‌ని డైరెక్ట్ థర్మల్‌లో వదిలేసి పోతుంది. ప్రతి పీఆర్‌ఎన్‌లోనూ తనకి కావాల్సినవన్నీ తానే చెప్పుకోవాలి, ముందు జాబ్ మీద ఆధారపడకూడదు.

అసలు దొంగ మాత్రం చివరి లైను. ప్రింట్ 1,1 అంటే ఒకటి కొట్టు. సాఫ్ట్‌వేర్ 40 వరుసలు కావాలంటే ఈ మొత్తం ఫైల్‌ని 40 సార్లు పంపుతోంది. ప్రతిసారీ సైజ్, గ్యాప్ మళ్లీ చదువుతుంది, సీఎల్ఎస్ బొమ్మని తుడుస్తుంది, మళ్లీ గీస్తుంది. ఈలోపు ప్రింటర్ "అయిపోయింది" అనుకుని లేబుల్‌ని బయటికి నెడుతుంది. దాని బదులు ఫైల్ ఒక్కసారే వెళ్లి చివర్లో ప్రింట్ 40 అనాలి. సాఫ్ట్‌వేర్ టెంప్లేట్‌లో క్వాంటిటీకి ఒక వేరియబుల్ ఉంటుంది, దాన్ని ఈ లైనులో పెట్టండి. రెండు వరుసల రోల్ కాబట్టి స్టిక్కర్ల సంఖ్యని రెండుతో భాగించాలి, బేసి సంఖ్య వస్తే పైకి.

ప్రింట్‌లో రెండు అంకెలకి తేడా ఉంది. మొదటిది ఎన్ని సెట్లు, రెండోది ఒక్కో సెట్‌కి ఎన్ని కాపీలు. ఫైల్‌లో కౌంటర్ పెట్టి సీరియల్ నంబర్ పెంచుకునేవాళ్లు మొదటి అంకెనే పెంచాలి. రెండోది పెంచితే ఒకే నంబర్ అన్నిటి మీదా పడుతుంది.

మార్చిన ఫైల్‌ని సాఫ్ట్‌వేర్‌తో పని లేకుండా పరీక్షించొచ్చు. ప్రింటర్‌ని విండోస్‌లో షేర్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ కమాండ్‌కి స్లాష్ బీ తగిలించి ఫైల్‌ని ఆ షేర్ పేరుకి పంపండి. స్లాష్ బీ మర్చిపోతే ఫైల్‌లో బొమ్మలున్నప్పుడు మధ్యలో తెగిపోతుంది.

---

రిబ్బన్_రోల్

వేగం పెంచితే ఎందుకు లేతబడుతుందో తెలిస్తే డార్క్‌నెస్‌ని గుడ్డిగా 15కి తొయ్యరు.

3 ఐపీఎస్‌లో హెడ్‌కి ఒక్కో చుక్కల వరుస మీద 1.64 మిల్లీసెకన్లు దొరుకుతాయి. 6లో 0.82. ఆ సగం టైమ్‌లోనే వేడెక్కాలి, మైనం కరిగించాలి, మళ్లీ చల్లారాలి. డెన్సిటీ పెంచితే వేడి పెరుగుతుంది కానీ చల్లారడానికి టైమ్ పెరగదు. అందుకే ఒక హద్దు దాటాక నలుపు ముదరదు, పాకుతుంది. బార్‌ల మధ్య తెల్ల సందులు పూడుకుపోతాయి. రిబ్బన్ ఎక్కువ వేడికి మెత్తబడి ముడత పడుతుంది, ఐమూలగా తెల్ల గీతలు వస్తాయి. హెడ్ మరీ వేడెక్కితే ప్రింటర్ తనంతట తానే ఆగి చల్లారేదాకా కదలదు. వేగం కోసం డార్క్‌నెస్ పెంచి చివరికి నెమ్మది కొనుక్కున్నట్టు.

పరీక్షించే పద్ధతి: ఒక లేబుల్ మీద మామూలుగా నిలబెట్టిన బార్‌కోడ్ ఒకటి, 90 డిగ్రీలు తిప్పినది ఒకటి, 6 పాయింట్ల అక్షరాల లైను, ఒక సెంటీమీటర్ నల్ల చతురస్రం పెట్టండి. వరుసగా ఐదు కొట్టి ఐదోది చూడండి. మొదటిది చల్ల హెడ్ మీద వస్తుంది, అది చూసి నిర్ణయించొద్దు. చతురస్రంలో తెల్ల పొక్కులుంటే డెన్సిటీ ఒకటి పెంచండి. తిప్పిన బార్‌కోడ్ సందులు పూడుకుంటే ఒకటి తగ్గించండి. రెండూ ఒకేసారి కనబడితే ఆ వేగం ఆ కాగితానికి, ఆ రిబ్బన్‌కి ఎక్కువ. స్పీడ్ ఒకటి దించి మళ్లీ చూడండి. స్పీడూ డెన్సిటీ రెండూ ఒకేసారి మార్చితే ఏది ఏం చేసిందో తెలియదు.

కొరియర్ లేబుల్‌లో పక్కనున్న బార్‌కోడే ముందు ఎందుకు పోయిందంటే, మామూలు బార్‌కోడ్‌లో గీతల వెడల్పు హెడ్ మీది చుక్కల స్థానాన్ని బట్టి ఉంటుంది, అది కదలదు. తిప్పినదాంట్లో గీతలు కాగితం కదిలే దిశకి అడ్డంగా పడతాయి. ఒక్కో గీత వెడల్పు హెడ్ ఎంత చురుగ్గా వేడెక్కి చల్లారిందనేదాని మీద ఆధారపడుతుంది. వేగం పెరిగేకొద్దీ గీత వెనక అంచు పాకుతుంది. అందుకే లేబుల్ వేగానికి హద్దు ఎప్పుడూ ఆ తిప్పిన బార్‌కోడే చెబుతుంది. సొంతంగా డిజైన్ చేసే లేబుల్ అయితే దాన్ని తిప్పకుండా పెట్టుకోవడమే మందు.

ఇక సరుకు. సెట్టింగ్‌లతో సరిపెట్టుకోలేనివి ఇవే. వ్యాక్స్ తక్కువ వేడికే కరుగుతుంది, క్రోమో మీద 4 నుంచి 6 ఐపీఎస్ నడుస్తుంది. వ్యాక్స్-రెజిన్‌కి వేడి ఇంకొంచెం కావాలి. పాలిస్టర్ మీద రెజిన్ అయితే 2, 3 దగ్గరే ఉంచండి, అక్కడ వేగం గురించి ఆలోచించకండి. నూనె తగిలే పచ్చడి సీసాలకి వ్యాక్స్ ప్రింట్ తుడుచుకుపోతుంది కాబట్టి వాటికి వ్యాక్స్-రెజిన్ వేసుకుని ఒక ఐపీఎస్ వదులుకోండి.

డీటీ రోల్‌లో టాప్ కోట్ ఉన్నది, లేనిది అని రెండు రకాలు. కోట్ లేని చవక రకం హెడ్‌ని గీరుతుంది. రిబ్బన్ లేనప్పుడు కాగితం నేరుగా హెడ్‌కి రాసుకుంటుంది కదా.

రోల్ మార్చినప్పుడల్లా హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది పుల్లతో తుడవండి. ప్రింటర్ ఆపేసి, హెడ్ చల్లారాక. పొడులు ప్యాక్ చేసే చోటు కాబట్టి రబ్బరు రోలర్ కూడా తుడవాలి. రోలర్ మీద పొడి పేరుకుంటే ఎక్కువ వేగంలో కాగితం జారుతుంది, ప్రింట్ నిలువుగా కుంచించుకుపోతుంది, గ్యాప్ తప్పుతుంది. కాగితం కదిలే దిశలో ఒకే సన్నని తెల్ల గీత ప్రతి లేబుల్‌లో అదే చోట వస్తే మురికి, లేదా చుక్క చచ్చిపోయింది. దానికి ఏ డెన్సిటీ పనిచేయదు.

---

కారంపొడి_ప్యాకింగ్

చాలా థాంక్స్ అండీ ముగ్గురికీ. పంతులు గారూ, మీరన్నట్టే స్పీడ్ 3 ఉంది, డెన్సిటీ లైను లేదు, చివర ప్రింట్ 1,1. మార్చి ప్రింట్ 40 పెట్టాను. స్పీడ్ 4, డెన్సిటీ 8 దగ్గర 40 వరుసలకి 13 సెకన్లు. ముడతలు లేవు. కొరియర్ లేబుళ్లు సుమాత్రాతో, జాబ్ చివర చింపేలా పెట్టి, స్పీడ్ 6 దగ్గర 20కి 25 సెకన్లు. తిప్పిన బార్‌కోడ్ మాత్రం ఇంకా సగంసార్లు స్కాన్ అవ్వట్లేదు. డెన్సిటీ 10 ఉంది.

ఇంకో రెండు. డీటీ రోల్ నుంచి స్టిక్కర్ రోల్‌కి మారినప్పుడు మొదటి మూడు నాలుగు వరుసలు ఖాళీగా పోతున్నాయి. కొన్ని స్టిక్కర్ల మీద సరుకు పేరు తెలుగులో ఉండాలి. ఆ టెంప్లేట్ పీఆర్‌ఎన్ కాదు, డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచి డ్రైవర్ ద్వారా వెళ్తుంది, అది మళ్లీ నెమ్మదే.

---

పీఆర్‌ఎన్_పంతులు

ఖాళీ వరుసలు: రెండు రోళ్ల అడుగు కాగితం మందం వేరు, సెన్సర్‌కి రెండూ ఒకేలా కనబడవు. రోల్ మార్చగానే క్యాలిబ్రేట్ చేయండి. గ్యాప్‌డిటెక్ట్ అని ఒక్క లైను ఉన్న పీఆర్‌ఎన్ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటే చాలు, పంపితే రెండు మూడు లేబుళ్లు నడిపి కొలుచుకుంటుంది. టీఎస్‌సీ ప్రింటర్లలో ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేసి, లైటు రంగు చూసి వదిలే పద్ధతి కూడా ఉంది. ఏ రంగు దగ్గర వదలాలో మాన్యువల్ చూడండి, తప్పు రంగు దగ్గర వదిలితే ఫ్యాక్టరీ సెట్టింగ్‌లకి వెళ్లిపోతుంది.

తెలుగు: ప్రింటర్‌లో ఉన్న ఫాంట్‌లకి తెలుగు రాదు. వేరే ఫాంట్ ఎక్కించినా చాలా చవక ప్రింటర్లు ఒత్తుల్ని, గుణింతాల్ని కలపవు, "ఉప్పు" విడివిడి ముక్కలుగా పడుతుంది. కాబట్టి పేరు బొమ్మగానే వెళ్లాలి. కానీ ప్రతి లేబుల్‌కీ లేబుల్ మొత్తం బొమ్మగా వెళ్లనక్కర్లేదు. "నల్లకారం", "కందిపొడి", "గోంగూర పచ్చడి" అని పేర్లు ఒక్కోటి విడిగా, 1 బిట్ (నలుపు, తెలుపు మాత్రమే) బీఎంపీ బొమ్మగా చేసుకోండి. సైజు అసలు చుక్కల్లోనే చేయాలి: 40 మి.మీ. వెడల్పు కావాలంటే 320 చుక్కలు, 6 మి.మీ. ఎత్తుకి 48. అంటే బొమ్మ 1,920 బైట్లు, పైన ఓ చిటికెడు హెడర్. వేరే సాఫ్ట్‌వేర్‌లో పెద్దగా గీసి కుదిస్తే అక్షరాల అంచులు రంపంలా వస్తాయి. డౌన్‌లోడ్ కమాండ్‌తో ప్రింటర్ ఫ్లాష్ మెమరీలో ఒక్కసారి ఎక్కించండి. తర్వాత పీఆర్‌ఎన్‌లో పుట్‌బీఎంపీ అని ఎడమ నుంచి ఎన్ని చుక్కలు, పై నుంచి ఎన్ని చుక్కలు, ఫైల్ పేరు రాస్తే చాలు. ధర, బ్యాచ్ నంబర్, ప్యాక్ చేసిన తేదీ మామూలు టెక్స్ట్ లైన్లు. బార్‌కోడ్ కూడా బొమ్మ కాదు, బార్‌కోడ్ కమాండే.

అక్షరాలు సన్నగా ఉన్న ఫాంట్ వద్దు. 203 డీపీఐలో ఒక చుక్క మందం ఉన్న తలకట్టు వేగం పెరిగితే మాయమవుతుంది. బోల్డ్ వాడండి, తలకట్టు కనీసం రెండు చుక్కలు ఉండేలా.

---

గోడౌన్_జెడ్‌పీఎల్

మధ్యలో దూరుతున్నా. మా దగ్గర జీబ్రా కంపెనీ ప్రింటర్, దాని భాష జెడ్‌పీఎల్. పైన చెప్పినవి దీనికి ఎలా వర్తిస్తాయి?

---

థర్మల్_హెడ్

పద్ధతి అదే, పేర్లు వేరు. పీఆర్ కమాండ్‌లో మూడు విలువలుంటాయి: కొట్టే వేగం, ఖాళీ చోట కాగితం పరిగెత్తే వేగం, వెనక్కి లాగే వేగం. చాలామంది మొదటిదే రాసి వదిలేస్తారు, అప్పుడు వెనక్కి లాగేది 2లోనే ఉంటుంది. చిన్న లేబుళ్లు ఒక్కొక్కటే కొట్టేవాళ్లు దాన్ని 3, 4 చేసి చూడొచ్చు. ప్రింట్ మొదలయ్యే చోటు అటూ ఇటూ అవుతుంటే వెంటనే తగ్గించండి. కాపీలకి పీక్యూ కమాండ్, టీఎస్‌పీఎల్‌లో ప్రింట్ చేసే పనే.

డార్క్‌నెస్ దగ్గర జాగ్రత్త. ఎస్‌డీ అసలు విలువ, 0 నుంచి 30. ఎండీ దాని మీద కూడికా తీసివేతా, మైనస్ 30 నుంచి 30. ప్రింటర్‌లో ఎస్‌డీ 20 ఉండి, టెంప్లేట్‌లో ఎవరో ఎండీ 8 రాసి ఉంటే మీరు 28 మీద నడుస్తున్నట్టు. డ్రైవర్‌లో చూస్తే ఇది కనబడదు, టెంప్లేట్ తెరిస్తేనే తెలుస్తుంది. మార్చినవి ప్రింటర్‌లో నిలవాలంటే జేయూఎస్ పంపాలి, లేకపోతే ఆపి ఆన్ చేయగానే పాతవే.

---

రిబ్బన్_రోల్

కారంపొడి గారూ, తిప్పిన బార్‌కోడ్ సంగతి. ఆ లేబుల్ డిజైన్ మీ చేతిలో లేదు కాబట్టి స్పీడ్ 5కి దించండి. 5 ఐపీఎస్ అంటే 127 మి.మీ., లేబుల్‌కి 1.2 సెకన్లు. 20 లేబుళ్లకి మీకు పడే అదనం నాలుగు సెకన్లే. డెన్సిటీ కూడా 9కి తగ్గించి చూడండి. 10 దగ్గర పూడుకుపోతోందా, లేతబడుతోందా అన్నది భూతద్దంలో సందులు చూస్తే తెలిసిపోతుంది. పూడుకుంటే తగ్గించాలి, విరిగినట్టు ఉంటే పెంచాలి. స్కానర్ "అవ్వట్లేదు" అన్నంతమాత్రాన ఎటు వెళ్లాలో తెలియదు.

5లో కూడా కాకపోతే స్కేలింగ్ అనుమానించండి. సెల్లర్ పీడీఎఫ్ 4 × 6 అంగుళాలు, అంటే 101.6 × 152.4 మి.మీ. మీ రోల్ 100 × 150. ఫిట్ అని ఉంటే ఒకటిన్నర శాతం పైన కుదించి వేస్తుంది. రెండు చుక్కలుండాల్సిన గీత కొన్నిచోట్ల ఒకటే అవుతుంది. నోస్కేల్ పెట్టి, అంచుల్లో ఒక మి.మీ. తెల్లచోటు పోయినా పోనివ్వండి.

మీ ప్యాకెట్ల మీద ఈఏఎన్-13 (దుకాణాల్లో వాడే 13 అంకెల బార్‌కోడ్) ఉంటే ఇదే లెక్క. ప్రామాణిక సన్నగీత 0.33 మి.మీ., 80 శాతం దాకా తగ్గించొచ్చు, అంటే 0.264. 203 డీపీఐలో రెండు చుక్కలు 0.25, హద్దు కింద పడిపోతుంది. మూడు చుక్కలు 0.375. 95 మాడ్యూళ్లకి (ఒక్కోటి ఒక సన్నగీత వెడల్పు) 35.6 మి.మీ., రెండు పక్కలా ఖాళీతో కలిపి 42.4 మి.మీ. 50 మి.మీ. స్టిక్కర్‌లో పడుతుంది. టెంప్లేట్‌లో సన్నగీతకి 3 రాయండి. షాపు లోపలి కోడ్-128కి 2 సరిపోతుంది.

---

కారంపొడి_ప్యాకింగ్

స్పీడ్ 5, డెన్సిటీ 9, నోస్కేల్. తిప్పినదీ మామూలుదీ రెండూ మొదటి దెబ్బకే చదువుతోంది, 20 లేబుళ్లకి 29 సెకన్లు. ఫిట్ వల్లే సగం గొడవ అనిపిస్తోంది, 6 దగ్గర నోస్కేల్‌తో కూడా దాదాపు చదివింది కానీ దాదాపు సరిపోదు కాబట్టి 5 ఉంచేస్తున్నా. తెలుగు పేర్ల బీఎంపీలు ఎక్కించే పని మొదలుపెట్టాను. ఫ్లాష్‌లో ఎన్ని పడతాయి?

---

పీఆర్‌ఎన్_పంతులు

ఒక్కోటి రెండు వేల బైట్లు కాబట్టి మీ సరుకుల జాబితా మొత్తం పెట్టినా ఇబ్బంది ఉండదు. ఫైల్స్ అని కమాండ్ పంపితే ఏమేం ఉన్నాయో, ఎంత ఖాళీ ఉందో ప్రింటరే చెబుతుంది. పేర్లు ఇంగ్లిష్‌లో చిన్నవిగా, ఎనిమిది అక్షరాల్లోపు పెట్టుకోండి. డౌన్‌లోడ్‌లో బొమ్మ సైజు బైట్లలో తప్పు రాస్తే ప్రింటర్ మిగతా డేటా కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది, ఆపి ఆన్ చేస్తే గానీ కదలదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో సైజ్ అని ఉన్న అంకె తీసుకోండి, దాని కిందే సైజ్ ఆన్ డిస్క్ అని ఇంకోటి ఉంటుంది, అది కాదు.